గీత నిలవలేదని చెప్పిన అవుసలి

చేవెళ్ల అవుసలి వీరాచారి గారు మొన్న మంగళవారం పొద్దున కన్నుమూశారన్న వార్త ఆలూరు బస్సులో విన్నాను. కండక్టర్‌కు చేవెళ్ల పేరు చెప్పి టికెట్ తీసుకున్నాను. నలభై ఏళ్ల స్నేహం మాది. బడిలో తెలుగు చెప్పి రిటైరైన వాణ్ని కనుక ఒక మాట గర్వంగానే చెప్పుకుంటాను: 'అవుసలి' అనే పదానికి అర్థమేమిటో ఆ మహనీయునికి బోధించింది నేనే.

బస్సు దిగితే చౌరస్తాలో ఫ్లెక్సీ. నిలువెత్తున దండం పెడుతున్నది మొయినాబాద్ పటేలు. మూలన తపాలా బిళ్లంత వీరాచారి. కింద 'గోల్డ్ వర్కర్‌కు కన్నీటి నివాళి'. నా ఒళ్లు మండింది. పసిబిడ్డ మొలతాడు మువ్వ నుంచి పెళ్లికూతురి పుస్తెల దాకా, చర్చిలో మార్చుకునే ఉంగరాల దాకా, రెండు మండలాలను అలంకరించిన ఆ హస్తాలకు దక్కిన బిరుదు ఇదా?

రాజుల కాలంలో బంగారాన్ని కరిగించి, పరీక్షించి, నగ చేసే చోటు అక్షశాల. అక్కడి వాడు అక్షశాలి. ఆ మాటే జనం నోట అక్కసాలి, అగసాలి అయి, మన దగ్గర అవుసలిగా నిలిచింది. "నగ చేసుడు చేతి పని సారూ. బంగారం సంగతి నిజం చెప్పుడు అవుసలి పని" అనేవారు వీరాచారి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఆ వ్యుత్పత్తి ఆయనే నాకు చెప్పారు. ఆయనకు వాళ్ల తాత చెప్పాడట. నేను ఇంటికి పోయి నిఘంటువు తిరగేసి, మర్నాడు వచ్చి "నిజమే" అన్నాను. నా బోధ అంతవరకే.

ఆయనకు ఒక నియమం ఉండేది. పుస్తెలకు తెచ్చిన బంగారాన్ని ఇంటివాళ్ల ఎదుటే గీటురాయి మీద గీసి, తేజాబు అనే ఆమ్లం చుక్క వేసి, గీత చెరగకపోతేనే కొలిమి అంటించేవారు. పళ్లెంలో బియ్యం, తమలపాకులు పట్టుకొచ్చిన వాళ్లు కూడా అంతదాకా ఆగాల్సిందే. కొన్నేళ్ల కింద ఆ పటేలు పట్నంలో కొన్న గొలుసు తెచ్చి, కొడుకు పెళ్లికి పుస్తెలు చేయమన్నాడు. వెంట బంధువులు. నేనూ అక్కడే చాయ్ తాగుతున్నాను. చుక్క పడింది. గీత మాయమైంది.

"పటేలా, దీంట్ల రాగే ఎక్కువున్నది. పుస్తెకు పనికిరాదు."

"పెద్ద దుకాణంల కొన్న. నీ రాయే ఖరాబైందేమో."

"రాయి మా తాతది. ఇంకో చుక్క ఏస్త, సూడు."

"చుక్కలు వద్దు. నోరు మూస్కొని చెయ్యి."

"ఇది చేస్తే నన్ను అవుసలోడు అనరాదు పటేలా. తీస్కపో."

అవుసలి గొలుసు మార్చేశాడని పటేలు ఊరూరా చెప్పాడు. అంతా కళ్లముందు జరిగినా కాదన్నవాడు ఒక్కడూ లేడు. జనం మెహదీపట్నం బస్సెక్కి నగలు కొనుక్కున్నారు. కొలిమి చల్లారింది. పుస్తెలు పోసిన మనిషి చివరి ఏళ్లలో ఒక షోరూం మూలన కూర్చొని తెగిన గొలుసులు అతికాడు. అక్కడ పెట్టిన పేరే గోల్డ్ వర్కర్. అన్నం చెడగొట్టినవాడే నేడు కన్నీరు కారుస్తున్నాడు.

ఆ రోజు లేచి పటేలును నిలదీశానని ఇన్నాళ్లూ పెళ్లి పందిళ్లలో చెప్పుకున్నాను. అబద్ధం. పటేలు నా దిక్కు చూస్తే నేను చాయ్ గ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాను. నా కోపం సగం ఆ ఫ్లెక్సీ మీద, సగం ఆ గ్లాసు మీద. నగలు చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. గీత నిలవలేదని ముఖం మీద చెప్పే అవుసలి ఇక లేడు. ఆయన గీటురాయికి నా సాష్టాంగ ప్రణామం.

అచ్చుకు పంపేముందు ఇదంతా ఆయన భార్య రాజమ్మకు చదివి వినిపించాను. గీటురాయిని కొంగుతో తుడుస్తూ చివరిదాకా విన్నది.

"గ్లాసుల సూస్కుంట ఊకున్న అని రాసినవా సారూ? నువ్వు ఊకోలే. నేను తలుపు కాడ్నే ఉన్న. 'చారీ, నీకెందుకు, చేసియ్యరాదా' అన్నవ్. అది గూడ రాయి."