మా తాత కారు, మా అవ్వ పూజ

నా చిన్నప్పుడు ఆదోనిలో మా ఇంటి మట్టిమిద్దె వానొస్తే ఉరిసేది. నట్టింట్లో గిన్నెలూ చెంబులూ పెట్టుకుని, తడవని మూల చూసుకుని అందరం ఒదిగి కూర్చునేవాళ్లం. మా తాత కొన్న కారు మాత్రం వాకిట్లో కొత్త రేకుల కింద చుక్క నీరు తగలకుండా నిలబడి ఉండేది. ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నా మనవడు మొన్నీమధ్య కారు కొన్నాడు. దాని భాగోతం చివర్లో చెబుతాను. ముందే చెబితే ఒళ్లు మండి అసలు విషయం మరిచిపోతాను.

మా తాత పత్తి వ్యాపారి. బళ్లారిలో ఎవరో అమ్ముతుంటే ఆ కారు కొన్నాడు. వాన దిగకుండా మిద్దె మీద చౌడుమట్టి పరిపించమని మా అవ్వ ఏటా పోరుతూనే ఉండేది. అందుకని దాచినదీ, ఇంకెందుకని దాచినదీ అంతా ఆ కారులోకే పోయింది. అది చాలక ఎమ్మిగనూరు మగ్గాల మీద మందపాటి గుడ్డ నేయించి దానికి ముసుగు కుట్టించాడు. పొద్దున్నే ముసుగు తీసి, అంగట్లోని మేలురకం పత్తితో దాన్ని తుడిచేవాడు. మేం వేలు పెడితే కేకలేసేవాడు. ఆదివారం జరీ తలపాగా చుట్టుకుని వెనక సీట్లో ఒక్కడే కూర్చుని బజారు దాకా పోయి వచ్చేవాడు. నడిస్తే ఆకు వక్క నమిలేంత దూరం. దానికి ఒక కారు, దాన్ని తోలడానికి జీతమిచ్చి ఒక డ్రైవరు.

మా మేనత్త అత్తగారిల్లు ఎమ్మిగనూరు. అప్పుడామెకు తొలి కాన్పు. ఆ ఇంట్లో ఉన్నది మామగారూ మొగుడే, ఆడదిక్కు లేదు. మా వైపు తొలి కాన్పుకు కూతుర్ని బేసి నెలలోనే పుట్టింటికి తెస్తారు. ఏడో నెల దాటితే మళ్లీ తొమ్మిదే. ఎనిమిదో నెలలో చూలాలిని పొలిమేర దాటించరు. అవ్వకు ఈ ఏడో నెల దాటిపోతుందేమోనని ఒకటే దిగులు. తన తొలి కాన్పు నెలలు నిండకముందే అత్తవారింట్లో జరిగింది. పక్కన తల్లి లేదు. ఆ బిడ్డ దక్కలేదు. ఆ మాట ఆమె ఎవరితోనూ పెద్దగా అనేది కాదు గానీ, ఆ నెలంతా సరిగా అన్నం తినలేదు.

బస్సులో తెచ్చేద్దామంటే తాత వినలేదు. నా కూతురు కారులోనే వస్తుందని వియ్యంకుడికి కబురు పంపేశాడాయె. అత్త అక్కడ మూట కట్టుకుని ఎదురుచూస్తోంది. ఇక్కడ తాత సాకులు మొదలుపెట్టాడు. వాన పడితే నల్లరేగడిలో చక్రాలు దిగబడతాయన్నాడు. ఎండ కాస్తే దుమ్ముకు రంగు మాస్తుందన్నాడు. దుమ్ము అణిగితే దారి పొడుగునా తుమ్మకంప, గీసుకుపోతుందన్నాడు. పంచాంగం చూసి ఒక వారం, డ్రైవరుకు జలుబని ఒక వారం గడిపేశాడు. కూతురి కోసం కొన్నానని ఊరంతా చెప్పుకున్న కారును ఆ కూతురి దగ్గరికి పంపడానికే ఆయనకు చేతులు రాలేదు. డబ్బు ఎక్కువ పోసి కొన్న వస్తువుతో వచ్చే తంటా ఇదే. అది మనకు పనిచేయడం మానేసి మనచేత పని చేయించుకుంటుంది.

ఒక శుక్రవారం పొద్దున అవ్వ తలస్నానం చేసి వచ్చి, కారు చుట్టూ ముగ్గేసింది. ముందర పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించింది. వీధిలో ఆడవాళ్లందరినీ తాంబూలానికి పిలిచింది. ఆయుధపూజ ఇంకా రాలేదు కదా, ఇదేం పూజ అని వాళ్లు అడిగారు. అవ్వ ముఖంలో నవ్వు లేదు.

“ఇది మా ఇంటి మూలవిరాట్టమ్మా, కదిలించగూడదు. దేవరగట్టు మీది మల్లయ్య దేవుడైనా ఏటికొక తూరి గట్టు దిగొస్తాడు. ఈయప్ప దిగడు” అంది.

ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. తాత గడప దగ్గరే ఆగిపోయాడు. కోపం ముక్కు మీదికొచ్చింది గానీ, హారతి ఇస్తున్న మనిషి మీద అరవడమెలా? మరుసటి రోజూ పూజ చేసింది, ఆ మరుసటి రోజూ చేసింది. అయినా ఆయన, వచ్చే వారం చూద్దామనే అన్నాడు.

ఆ మాటతో అవ్వకు ఓపిక అయిపోయింది. పక్కింటివాళ్ల గూడుబండి అడిగింది. కారు ముసుగు లాగేసి, తాత తుడవడానికి పెట్టుకున్న పత్తి అంతా అందులో కూరి, అంచులు కుట్టి పరుపు చేసింది. బండిలో పరిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తెల్లవారుజామునే బయల్దేరింది. ఎమ్మిగనూరు చేరేసరికి కారు వస్తుందని కాచుకున్న వీధి వీధంతా మా ఎద్దుల్ని చూసింది. నేను సిగ్గుపడి అవ్వ వెనక దాక్కున్నాను.

అత్త గడపలోంచి వచ్చి, “కారు యాడుందిమా?” అంది.

“ఇంట్లో సల్లగుంది. నువ్వు ఎక్కు” అంది అవ్వ.

మర్నాడు ఎద్దుల్ని నెమ్మదిగా నడిపించుకుంటూ తిరిగొచ్చాం. గతుకు వచ్చినప్పుడల్లా అవ్వ అత్త నడుముకు చేయి అడ్డం పెట్టేది. ఇంటికొచ్చేసరికి తాత ముసుగు లేని కారును తన పైపంచతో తుడుస్తున్నాడు. తన ముసుగు మీద నిద్రపోతున్న కూతుర్ని చూసి, పైపంచ దులిపి భుజాన వేసుకుని లోపలికి పోయాడు.

ఎనిమిదో నెల నిండకముందే అత్తకు నొప్పులొచ్చాయి. ఆ పూట కూడా మిద్దె ఉరుస్తూనే ఉంది. తడవని మూలలో, అవ్వ చేతుల్లో, ఆడపిల్ల పుట్టింది. చిన్నదైనా గట్టిగా ఏడ్చింది. పత్తి తీసేసి, ముసుగును ఉతికి దూలానికి ఉయ్యాల కట్టారు. కొన్నాళ్లకు తాత మెల్లగా వచ్చి ముసుగు ఎప్పుడిస్తారని అడిగాడు. నిజంగానే అడిగాడు. అవ్వ ఉయ్యాల తాడు ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి పోయింది. ఆయన చాలాసేపు ఊపాడు. ఆ ఏడే మిద్దెకు చౌడు పరిపించాడు.

ఇక నా మనవడి సంగతి. తలకు నూనె రాసుకుని సీటుకు ఆనుకోవద్దంటాడు. చెప్పులు దులుపుకుని ఎక్కమంటాడు. ఆస్పరిలో వాడి చెల్లెలు చంటిబిడ్డతో జ్వరంలో పడి ఉంది, పోయి తీసుకొద్దాం రారా అంటే, “దారంతా తవ్వి పోసినారవ్వా, బండి కింద గీసుకుంటాది” అన్నాడు. ఈ మాటలు నేనెక్కడ విన్నానో వాడికేం తెలుసు.

కారు ఎంతకు కొన్నావని నేనెవరినీ అడగను. దాంట్లో ఎవరిని తెచ్చావని అడుగుతాను. వీణ్నీ అడిగాను, గుడ్డ తీసుకుని కారు అద్దాలు తుడవబోయాడు. అందుకే రేపు పొద్దున మొదటి బస్సుకు నేనే ఆస్పరి పోతున్నాను. సంచిలో మందులు, రెండు చీరలు, బిడ్డకు పాత మెత్తటి గుడ్డలు సర్దుకున్నాను. పైన వాడి కారు ముసుగు మడిచి పెట్టుకున్నాను. పొద్దున లేచి వెతుక్కుంటాడు. వెతుక్కోనీ.