ఫార్మాట్ బాబాయి చేతిలో కార్డు

"కెమెరా కార్డు బాబాయికిచ్చావా? అయిపోయింది! ఇక మన దగ్గర ఏమీ మిగల్లేదు!"

పాపాయిని భుజాన వేసుకుని నేను పెట్టిన కేకకు మా ఆయన చేతిలోని పాలసీసా జారిపోయింది. "ఆయనకు ఇవన్నీ తెలుసు కదా అని..." అంటూ నసిగాడు. ఎందుకు తెలియదు? మా బాబాయికి తెలిసిన విద్య అదొక్కటే. చేతికేది దొరికినా ఫార్మాట్ చేసి, ఉన్నదంతా తుడిచి పారేస్తాడు.

మా నాన్నకు స్వయానా తమ్ముడు. చొక్కా జేబులో అరచేతిలో ఇమిడే కంప్యూటర్ ఒకటి ఉంటుంది. లినక్స్‌తో నడుస్తుంది. మీటలు పెసరగింజలంత. దానికి తోకలా ఒక తీగ, తీగ చివర ఒక హార్డ్ డిస్క్. బస్సులోనూ, పెళ్లిలోనూ, ఆఖరికి పన్ను పీకించుకోబోయే కుర్చీలోనూ, రెండు బొటనవేళ్లతో ఏదో ఒకటి చెరిపేస్తూనే ఉంటాడు.

ఒకసారి ఎంతో మోజుగా రికార్డు చేసుకున్న మ్యాచ్‌ని చూడకుండానే తుడిచేశాడు.

"అదేంటి బాబాయ్?"

"ఎవరు గెలిచారో తెలిసిపోయిందిగా!"

ఆయనకో మంత్రం కూడా ఉంది. మీట నొక్కేముందు బిగ్గరగా చదువుతాడు: "పేరు నమ్మకు, సైజు చూడు. డిస్కులకు కంప్యూటర్ పెట్టే పేర్లు ఇవాళొకటి, రేపొకటి. సైజు మాత్రం జన్మలో మారదు."

"ఆ మాట నన్ను చూసి చెప్పండి," అంటుంది పిన్ని వంటింట్లోంచి. "పెళ్లిచీర రవిక మోచేతి దాకా కూడా ఎక్కట్లేదు."

అలాంటి మనిషి చేతిలో మా కార్డు. పాపాయి నిద్రలో ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ జాడిస్తోంది. "కంటితో చూస్తేగానీ చెప్పలేను, వీడియో తీసుకురండి," అంది డాక్టరమ్మ. అది మూర్ఛేమోనని నా భయం. ఉయ్యాల మీద కెమెరా బిగించాం. పాపాయి జాడించింది, కెమెరా పట్టుకుంది. ఆ వెంటనే 'కార్డు చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చెయ్యనా?' అని అడిగింది. కెమెరా కూడా బాబాయి పార్టీయే!

సాయంత్రమే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి. నేను భౌతికశాస్త్రం చదివినదాన్ని. చెదిరింది దానంతటది మళ్లీ ఒక్కచోట చేరదని పుస్తకాల సాక్షిగా తెలుసు. ముగ్గురం బాబాయి ఇంటికి పరుగెత్తాం. దారి పొడుగునా అదే తలుచుకుని కుమిలిపోయాను.

పిన్ని తలుపు తీసింది. "రా తల్లీ. కాఫీ కూడా ముట్టకుండా ఏదో ఫార్మాట్ చేస్తున్నారు."

"బాబాయ్! చేసేశావా?"

"చేసేశానమ్మా."

గుమ్మంలోనే కూలబడ్డాను. మా ఆయనే కాస్త తేరుకుని, "దేన్ని, మామయ్యా?" అన్నాడు.

"నా డిస్క్‌ని! చెడిన కార్డు మీద చెయ్యి చేసుకోకూడదు అల్లుడూ. దాంట్లో ఉన్నది ఉన్నట్టు ముందు వేరేచోటికి దించాలి. వెతుకులాటంతా ఆ నకలులోనే. మరి దించాలంటే కార్డుకన్నా పెద్ద చోటు ఖాళీగా ఉండాలా వద్దా?"

"మొన్ననే కదండీ ఆ డిస్క్ తుడిచారు?" అంది పిన్ని.

"నిన్న చెడిన కార్డులోంచి ఎదురింటావిడ మనవడి ఫొటోలు దాంట్లోకి దించాను. ఇచ్చేశాను. మళ్లీ తుడిచాను."

నాకేదో తట్టింది. "మరి ఆ మ్యాచ్?"

"కిరాణా కొట్టతను ఏడుపు మొహంతో వచ్చాడమ్మా. వాళ్లమ్మ గొంతున్న కార్డు చెడిపోయింది. చోటు లేదంటే ఎలా?" అని, తప్పు చేసినవాడిలా తెర నావైపు తిప్పాడు. "సైజు చూసుకునే చేశాలే."

పెసరగింజల మీటల పైన, అగ్గిపెట్టెంత తెరలో, మా పాపాయి కాళ్లు జాడిస్తోంది.

సాయంత్రం డాక్టరమ్మ అది రెండుసార్లు చూసి నవ్వింది. "నిద్రలో ఉలికిపాటమ్మా, మూర్ఛ కాదు. పాపాయి హాయిగానే నిద్రపోతోంది. మీరే నిద్రపోవట్లేదు."

ఆ కబురు చెబుదామని వెళ్లేసరికి బాబాయి వేళ్లు అప్పుడే మీటల మీద ఉన్నాయి.

"వీడియో రెండుచోట్ల దాచుకున్నావా?"

"దాచాను."

"అయితే పేరు నమ్మకు, సైజు చూడు..." అంటూ మీట నొక్కేశాడు.

ఇప్పుడు పాపాయి సంచిలో మారుబట్టల మధ్య నాదీ ఒక ఖాళీ కార్డు ఉంటుంది. "వాడనిదాన్ని మోసుకు తిరగడమెందుకు?" అని మా ఆయన సణుగుతాడు. ఆ రోజు గుమ్మం దాకా వచ్చి బాబాయి చెప్పిన మాటే అప్పజెబుతాను:

"అన్నీ నింపేసుకోకు అమ్మాయ్. ఎవరు ఏ ఏడుపుతో వస్తారో, ఒక్కటైనా ఖాళీగా ఉంచుకో."