చివరి పేజీ పెద్దమ్మ

ఓ చిన్న విశ్వవిద్యాలయం పత్రికలో, చివరి పేజీకి పాత విద్యార్థుల కబుర్లు రాసే ఆవిడను అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పెన్ను మూత పళ్లతో పీకి, "ఉద్యోగం సరే నాయనా, ఇంకేంటి?" అంటుంది. జవాబు రాబట్టేదాకా వదలదు. మొన్న చెప్పుల షాపు నడిపే ఒకతను, "చెప్పడానికేం లేదు పెద్దమ్మా, అదే షాపు, అదే ఇల్లు" అని నసిగాడు. గుచ్చి గుచ్చి అడిగితే, నలభై దాటాక ఈత నేర్చుకున్నానని సిగ్గుపడుతూ బయటపెట్టాడు. పెద్దమ్మ పేజీ నెత్తిన అదే వేసింది. అతని బ్యాచ్‌వాడే అయిన ఓ కంపెనీ డైరెక్టరుగారి కొత్త పదవి కబురు పేజీ అడుక్కి జారింది. పత్రిక అందగానే డైరెక్టరుగారు ఫోన్ చేశారు. పెద్దమ్మ దెబ్బలాటకు సిద్ధపడి కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఆయన గొంతు తగ్గించి, "నాకూ ఈత రాదు పెద్దమ్మా. వాడి నంబరిస్తారా?" అన్నారు.