మన్‌గిల్ మొక్క, చిల్‌బోక్ కేక

కొరియాలోని ఇంజే కొండల్లో తాక్ మన్‌గిల్ గురించి రెండు మాటలు వినబడేవి. మందుకి పనికొచ్చే జిన్సెంగ్ వేర్లు వెతికే జట్టుకి ఆయనంత మంచి పెద్ద దొరకడన్నది ఒకటి. ఆయనంత వెర్రిబాగులవాడు కూడా దొరకడన్నది రెండోది. రెండో మాట అనేది ఆయన భార్య ఓక్‌బున్ ఒక్కతే గానీ, పదిమంది పెట్టు గట్టిగా అనేది.

ఆవిడ బాధ ఆవిడది. పడుచు వయసులో మన్‌గిల్ భార్యకి తప్ప ఎవరికీ చెప్పకుండా కొండకి ఉత్తరం వైపు లోయలో గుప్పెడు జిన్సెంగ్ గింజలు నాటాడు. ఎర్రగా పండిన కాయల్ని పిట్టల నోట పడకుండా ఏరి, గుజ్జు కడిగి, రాలిన ఆకుల కింద వేలితో గుంట చేసి ఒక్కొక్కటీ పెట్టాడు. ఆ గింజకి తొందరన్నది తెలియదు. ఒక చలికాలం గడిచినా కదలదు, రెండోది కూడా చూసి గానీ పైకి రాదు. వచ్చాక మూడే మూడు ఆకులు వేసి, ఈ ఏటికి చాలా పని చేశానన్నట్టు ఊరుకుంటుంది. ఎలకలు కొన్ని తిన్నాయి, అడవిపందులు కొన్ని తొక్కాయి, కొన్ని కారణం చెప్పకుండానే పోయాయి. మిగిలిన వాటిలో ఒకటి మాత్రం మన్‌గిల్ జుట్టు నెరిసే వేళకి ఆరు రెమ్మలు వేసింది. ఆరు రెమ్మల మొక్కని కళ్ళారా చూడకుండానే పోయినవాళ్ళు ఆ కొండల్లో ఎందరో ఉన్నారు.

తవ్వుదామనే ఆయన మొదట్లో అనుకున్నాడు. ఇంకొంచెం ముదరనీ, వచ్చే ఏడు చూద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చాడు. ఇంతలో, ఏటా చలికి ఎండి వసంతంలో మళ్ళీ మొలిచే ఆ మొక్క ఒక వసంతంలో అసలు పైకే రాలేదు. జిన్సెంగ్ అప్పుడప్పుడూ అలా ఏడాదిపాటు నేలలోనే పడుకుంటుందని ఆయనకి తెలుసు, అందరికీ చెప్పేవాడు కూడా. తెలిసి ఏం లాభం, ఆ ఏడంతా అన్నం సహించలేదు. మరుసటి వసంతంలో అది మళ్ళీ తలెత్తితే దాని ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్కడితో తవ్వే మాట మానేశాడు. వెళ్ళడం, చూడడం, చుట్టూ నాలుగు గింజలు నాటడం, రావడం, అంతే.

"ఊళ్ళో మగాళ్ళంతా కొండకెళ్ళి ఏదో ఒకటి తెచ్చుకుంటారు. నువ్వు చూసొస్తావు," అనేది ఓక్‌బున్. "చూసొచ్చింది కూరొండమంటావా?"

"ఈ ఏడు కాయలు బాగా కాసిందే," అనేవాడు మన్‌గిల్.

"నన్నడిగావా ఎప్పుడైనా, నువ్వెలా ఉన్నావే అని?"

"నువ్వు ఏడాదంతా లేచే ఉంటావు కదే."

ఆ పూట ఆయనకి ముల్లంగి పులుసులో ముల్లంగి దొరికేది కాదు.

ఆ జట్టుకి కొన్ని కట్టుబాట్లున్నాయి. కొండెక్కే ముందు కొన్నాళ్ళు మాంసం ముట్టకూడదు, ఎవరితోనూ గొడవ పడకూడదు. కొండదేవుడికి అన్నం, ఎండుచేప, కల్లు పెట్టి మొక్కాలి. ఎవరికైనా వేరు కనబడితే మూడుసార్లు కేకెయ్యాలి. ఆ కేక చెవిన పడగానే మిగతావాళ్ళు ఎక్కడున్నవాళ్ళక్కడ బోర్లా పడుకోవాలి. చూసినవాడు చుట్టుపక్కలంతా వెతుక్కుని పిలిచేదాకా తలెత్తకూడదు. అడవిలో దానంతటది మొలిచింది చూసినవాడిది, మనిషి నాటింది నాటినవాడిది. ఏది ఏదో తేల్చేది జట్టు పెద్ద. ఆయన మాటకి తిరుగులేదు.

పెద్దగా మన్‌గిల్ చేసే మోసం ఒక్కటే. ఎవరు ఏ వాలు వెతకాలో పంచేటప్పుడు ఉత్తరం లోయ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. "అక్కడ రాళ్ళు జారతాయి, పాములు కూడా. నా చావు నేను చస్తాలే," అనేవాడు. ఎంత త్యాగమో అని జట్టువాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు.

ఆ జట్టులోనే మో చిల్‌బోక్ ఉండేవాడు. ఏడు అదృష్టాలు కలగాలని తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారట. ఒక్కటీ ఇల్లు కనుక్కుని రాలేదు. ఇరవై ఏళ్ళుగా కొండెక్కుతున్నాడు గానీ ఒక్కసారి కూడా కేకేసిన పాపాన పోలేదు. బోర్లా పడుకోవడంలో మాత్రం అతన్ని మించినవాడు లేడు, అంత అలవాటు. చొక్కాల ముందుభాగం ఎప్పుడూ మట్టేనని అతని భార్య ఊరి బావి దగ్గర అందరికీ చూపించి మరీ ఉతికేది.

ఆ ఆకురాలు కాలంలో మన్‌గిల్, చిల్‌బోక్, ఓక్‌బున్ తమ్ముడు దొక్‌పాల్ ముగ్గురే వెళ్ళారు. దొక్‌పాల్‌కి కొండంటే భక్తి, నిద్రంటే అంతకన్నా భక్తి. రెండో రోజు పొద్దున్న చిల్‌బోక్‌కి ఉన్నపళంగా దొడ్డికెళ్ళాల్సొచ్చింది. కొండదేవుడి గుడిసె కనబడే చోట ఆ పని చెయ్యకూడదు. కుర్రాళ్ళయితే ఓ చెట్టు చాటు చూసుకుంటారు. చిల్‌బోక్ నియమం గలవాడు. అక్కడినుంచి ఇంకా కనబడుతోంది, ఇంకా కనబడుతోందని పొట్ట పట్టుకుని గట్టు దాటి, వాగు దాటి, కొండ వెనక్కంటా పోయాడు.

కాసేపటికి కేక వినబడింది.

"చూశానో, వేరు చూశానో."

మన్‌గిల్ కట్టుబాటు ప్రకారం టక్కున బోర్లా పడ్డాడు. పాపం, చిల్‌బోక్‌కీ ఒకటి దొరికిందని మనసారా సంతోషించాడు. రెండో కేకకి, అది ఏ దిక్కునుంచి వస్తోందో తెలిసింది. మూడో కేకకి ఇక అనుమానం లేదు. ఉత్తరం లోయ.

లేచి పరిగెత్తాలని ప్రాణం కొట్టుకుంది. లేవకూడదు. ఆ కట్టుబాటు తప్పినందుకు గతంలో ఒకణ్ణి జట్టులోంచి వెళ్ళగొట్టింది తనే. తడి ఆకుల్లో ముక్కు పెట్టి, చీమ మెడ మీద పాకుతున్నా దులుపుకోకుండా, ఆ చేతకానివాడు ఇప్పుడు ఏ పీచు తెంపుతున్నాడో, ఎక్కడ కాలు వేస్తున్నాడోనని పళ్ళు నూరుకున్నాడు. పక్క వాలు మీద దొక్‌పాల్ గురక వినబడుతోంది. నాటింది నేనేనని చెప్పేస్తాను, ఒక్క మాట చాలు అనుకున్నాడు మన్‌గిల్. అది అబద్ధం కాదు, అన్యాయం కాదు. ఆ మొక్క తనది.

ఎట్టకేలకు పిలుపు వచ్చింది. మన్‌గిల్ బావమరిదిని తట్టి లేపి, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లోయలోకి దిగాడు.

మొక్క నిక్షేపంగా ఉంది. ఆకులు పసుపుబారినా, ఆరు రెమ్మలూ విప్పుకుని నిలబడింది. దాని ముందు చిల్‌బోక్ సాష్టాంగపడి ఉన్నాడు. ఈసారి కట్టుబాటు కోసం కాదు. ముఖమంతా కన్నీళ్ళు, మట్టి.

"అన్నా, నిజంగా అదేనా? నా కళ్ళు నేను నమ్మలేకపోతున్నా. నువ్వు చెప్పు."

"అదేరా," అన్నాడు మన్‌గిల్.

దొక్‌పాల్ ఆవులిస్తూ చుట్టూ చూశాడు. నిద్రపోతు మనుషులు ఒక్కోసారి అక్కర్లేని చోట మేలుకుంటారు. "బావా, చుట్టూ పిల్లమొక్కలు మరీ ఒద్దికగా ఉన్నాయేంటి? ఎవరన్నా నాటారంటావా?"

చిల్‌బోక్ తలెత్తి మన్‌గిల్ ముఖంలోకి చూశాడు. ఇది కూడా నాది కాదని చెబుతావు కదా, చెప్పు, నాకు అలవాటే అన్నట్టు చూశాడు. ఆ చూపు మన్‌గిల్ తట్టుకోలేకపోయాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు.

"ఈ పాముల లోయలోకొచ్చి ఎవడు నాటతాడ్రా? అడవిదే. దేవుడు నీకోసం దాచిపెట్టాడు. తవ్వుకో."

ఆ చివరి మాట అనడానికి ఆయన అటు తిరగాల్సివచ్చింది.

చిల్‌బోక్ చేతులు కడుక్కొచ్చి, కర్రపుల్ల తీసి, మొక్క పక్కన కూర్చున్నాడు. కూర్చున్నవాడు అలాగే ఉండిపోయాడు. పుల్ల నేలకి ఆన్చాడు, తీశాడు. మళ్ళీ ఆన్చాడు, తీశాడు.

"తవ్వనన్నా," అన్నాడు చివరికి.

"ఏంరా?"

"తవ్వితే ఒక్కసారి దొరికినట్టు. రేపట్నించి మళ్ళీ మామూలే, మీ కేక నేను వినడం. ఇక్కడే ఉంటే వచ్చినప్పుడల్లా దొరుకుద్ది. నా పెళ్ళాన్ని తీసుకొచ్చి చూపిస్తా. నవ్వుతావేమో గానీ నాకదే చాలు."

మన్‌గిల్ నవ్వలేదు. ఈ లోకంలో తనలాంటి వెర్రివాడు ఇంకొకడున్నాడని ఆయనకి ఆ రోజే తెలిసింది. దొక్‌పాల్ మాత్రం ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మళ్ళీ పడుకోవడమే మేలనుకున్నాడు.

ఇంటికొచ్చి సంగతంతా చెబితే ఓక్‌బున్ పని ఆపి ఆయన వైపు తిరిగింది. "మొక్కనిచ్చేశావన్నమాట," అంది. తరవాత వంటింట్లోకెళ్ళి, ముల్లంగి దండిగా వేసి పులుసు కాచింది.

అసలు కష్టాలు వసంతంలో మొదలయ్యాయి. మొక్క చిల్‌బోక్‌ది గనక, చూడాలంటే అతని అనుమతి కావాలి. మన్‌గిల్ వెళ్ళి అడిగితే చిల్‌బోక్ వాకిలి బయటికొచ్చి అటూ ఇటూ చూసి, "సరే గానీ, ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి," అన్నాడు. మన్‌గిల్ ఒట్టేశాడు. దొంగలు వెంటబడకుండా చిల్‌బోక్ ఆయన్ని తిన్నగా తీసుకెళ్ళలేదు. రెండు గట్లు అనవసరంగా ఎక్కించి, ఒక వాగు రెండుసార్లు దాటించి, పొద్దు నడినెత్తికొచ్చాక లోయలోకి దింపాడు. ఆ మనిషికి మోకాళ్ళు లేవనుకున్నాడో ఏమో. తనకి కళ్ళు మూసుకుని తెలిసిన చోటికి మన్‌గిల్ రొప్పుతూ, ఓహో ఇటా అంటూ నడిచాడు.

"అక్కడే ఆగు, అడుగు ముందుకెయ్యకు," అన్నాడు చిల్‌బోక్. "దీనికి పొద్దుటెండ తగలాలి, మధ్యాహ్నపు నీడుండాలి. నీళ్ళు నిలవకూడదు. నీకు తెలీదులే, రోజూ కనిపెట్టి చూసేవాళ్ళకి తెలుస్తాయి ఇవన్నీ."

"అలాగా," అన్నాడు మన్‌గిల్.

"ఇటు చూడు." చిల్‌బోక్ ఆకులు మెల్లిగా పక్కకి తీశాడు. మూడేసి ఆకుల పిల్లమొక్కలు కొత్తగా నాలుగు లేచి ఉన్నాయి. రెండు చలికాలాల కిందట, ఆకురాలు కాలంలో మన్‌గిల్ వేలితో గుంటలు చేసి పెట్టిన గింజలవి. "కొండదేవుడు నాటాడన్నా. ఎంత ఎడం ఉంచాడో చూడు, ఒకదాని నీడ ఒకదాని మీద పడకుండా. ఎన్నేళ్ళ ఓపికో. ఇంత శ్రద్ధగా చేసే పని నేనెక్కడా చూళ్ళేదు."

ఆ గింజలు నాటినందుకు ఒక మనిషి నోటినుంచి మెచ్చుకోలు వినడం మన్‌గిల్‌కి జీవితంలో అదే మొదలు.

"ఇంకోసారి చెప్పరా," అన్నాడు.