తన తుపాకీకి తనే జడిసే మనిషి

ఆరిన్ హాగెన్‌కి భయం. ఎలుగుబంటంటే కాదు, తుఫానంటే కాదు, తన చేత్తో తను చేసిన తుపాకీ అంటే. మా అలాస్కా తీరంలో ఎలుగుల మధ్య తిరిగే గైడ్లకు పెద్ద తూటా రైఫిల్ కావాలంటే ఆరిన్ దగ్గరికే వస్తారు. ఏనుగును పడగొట్టే తుపాకీ చేసేవాడు. దాన్ని పేల్చి చూడాల్సిన రోజున మాత్రం ఆపరేషన్‌కి వెళ్ళేవాడి మొహం పెట్టేవాడు.

పరీక్షంతా ఊరి బయట కంకర క్వారీలో. పదకొండేళ్ళు నేనే సాయం వెళ్ళాను. కొత్త తుపాకీని లారీ టైరుకు బిగించి, ట్రిగ్గర్‌కి తాడు కట్టి, మట్టిగుట్ట చాటున బోర్లా పడుకుని లాగేవాడు. మొదటి తూటా అందరూ అలాగే పేలుస్తారు. ఆరిన్ తొమ్మిదోదాకా తాడు వదిలేవాడు కాదు.

"ఎనిమిదిసార్లు పేలింది. ఇంక లే."

"ఎనిమిదిసార్లు మంచిగా ఉన్నవాళ్ళే తొమ్మిదోసారి తంతారు. నాకు ఇద్దరు బావమరుదులున్నారు."

తర్వాత భుజం పరీక్ష. కోటు మీద కోటు, లోపల సోఫా దిండు, తలకు హెల్మెట్. తుపాకీ పేలి వెనక్కి తన్నగానే కూర్చున్న బల్ల మీంచి జారి, "ఉన్నానా?" అనేవాడు.

"ఉన్నావు."

"పళ్ళు?"

"ఉన్నవి ఉన్నాయి."

నీళ్ళ డబ్బాలు పది వరసగా పెడితే, తూటాకి ఎన్ని చీలాయో చూడ్డానికీ నన్నే పంపేవాడు. ఏడు చీలాయంటే, "అంత అవసరమా?" అని తనే దిగులుపడేవాడు.

ఒక వేసవిలో వెండెల్ ప్రూయిట్ వచ్చాడు. ఆరడుగుల గైడు. అంతకుముందు ఏడాది మీదికొచ్చిన ఎలుగును పదిహేను అడుగుల్లో కాల్చి, తప్పాడు. దానంతటది మళ్ళిపోబట్టి బతికాడు. తుపాకీ చిన్నదైందని ఊరంతా చెప్పి, ఆరిన్ చేత ఇంకా పెద్దది చేయించుకున్నాడు. సోమవారం నలుగురు అతిథుల్ని సాల్మన్ వాగు వెంట తీసుకెళ్ళాలి.

"తాతా, ఆ దిండు సోఫాకి తిరిగిచ్చెయ్," అని క్వారీలో ఆరిన్‌ని చూసి నవ్వి, గురిపెట్టి పేల్చాడు. ఇరవై అడుగుల్లో ఉన్న చెక్క ఎలుగుకి తగల్లేదు. తూటా దాని ముందున్న నేలలో దిగింది. రెండోదీ నేలలోకే. మూడోదీ.

"గొట్టం వంకర," అన్నాడు. మొహం పాలిపోయింది.

వంకర గొట్టానిది కాదు, చేతిది. ఆ చేతిని నమ్ముకుని నలుగురు వెళ్తున్నారు. కానీ మా ఊళ్ళో గైడుని పట్టుకుని నీకు భయమయ్యా అని అనలేం. అన్నా వాడు ఒప్పుకోడు.

"గొట్టమో మనిషో తేల్చేద్దాం. ముందు నేను," అన్నాడు ఆరిన్. నాకేసి తిరిగి, "మామూలు తూటాల్లో మందు లేనివి కలుపు. ఏదో చెప్పకుండా ఒకటివ్వు."

బెదిరే చేతిని పట్టుకునే పద్ధతి అది. మందు లేని తూటాకి తుపాకీ కదలదు. బెదిరినవాడు మాత్రం తన్ను పడకముందే కదులుతాడు.

నేనిచ్చింది మందు లేని ఉత్తి తూటాయే. ఆరిన్ గురిపెట్టాడు. కళ్ళు గట్టిగా మూశాడు. టిక్కుమంది. పేలని తుపాకీ తన్నినట్టు, "అమ్మా" అంటూ బల్ల మీంచి వెల్లకిలా పడ్డాడు.

వెండెల్ నవ్వి నవ్వి కంకర మీద కూలబడ్డాడు. నవ్వు ఆగిపోయినా లేవలేదు.

"నాదీ అంతే తాతా," అన్నాడు నేల చూస్తూ. "పోయినేడు కళ్ళు మూసుకున్నాను. ఎలుగుని చూడనేలేదు."

"నేను చెక్కబొమ్మకే మూశాను. నీదే నయం. లే, మొదలుపెడదాం."

మూడు రోజులు ఇద్దరూ అక్కడే. ఆరిన్ తుపాకీ వెనక కర్రలో సీసం నింపి, బరువు పెంచి తన్ను తగ్గించాడు. ఉత్తివి, సగం మందువి, నిండువి కలిపి పేల్పించాడు. ఆదివారానికి చెక్క ఎలుగుకి మొహం మిగల్లేదు. సోమవారం వెండెల్ నలుగురితో వెళ్ళాడు, వారం తర్వాత నలుగురితో తిరిగొచ్చాడు.

ఆ కబురు విన్నాక ఆరిన్‌ని అడిగాను.

"మందు లేని తూటా తేలిక. నలభై ఏళ్ళుగా తూటాలు నీ చేత్తో నింపుతున్నావు. ఆ రోజు అరచేతిలో పెట్టగానే నీకు తెలియలేదా?"

"తెలిసింది," అన్నాడు ఆ రోజు చీరుకుపోయిన మోచేతి మీది పక్కు గోక్కుంటూ. "పడ్డం కాస్త ఎక్కువైంది."

"అయితే ఇన్నేళ్ళ భయమూ నాటకమేనా?"

"ఛ, అది నిజమే," అన్నాడు ఆరిన్. "ఆ తుపాకులు చేసిందెవడో నాకు తెలుసుగా."