సున్నం గోడ మీది రెండు మరకలు

మా అత్త ఇంటి ముందర ఏది శుభ్రం చేయాలన్నా మొదట అరచేయి ఆనించి చూసేది. అరుగు బండలకు నీళ్లు, కొబ్బరి పీచు. తలుపుకు నూనె గుడ్డ. సున్నం గోడకు పొడి చీపురు. “నీళ్లు తాకియ్యకు బిడ్డా, సున్నం ఊడొస్తది” అనేది. ఆ గోడ పని మాత్రం నాకిచ్చేది కాదు.

నేను కోడలిగా జహీరాబాద్ వచ్చిన ఏడాది, దసరా ముందు, అత్త సంతకు పోయింది. తలుపు పక్కన జానెడు మేర సున్నం వేయకుండా వదిలేసి ఉంది. అక్కడ రెండు బొగ్గు మరకలు. మరిచిపోయిందేమో అనుకుని, మెచ్చుకుంటుందని తడి పీచుతో రుద్దేశాను.

తిరిగొచ్చాక ఆమె ఆ చోట అరచేయి ఆనించింది. చాలాసేపు తీయలేదు.

“గవి మరకలు గావే. సచ్చిపోయిన నా బిడ్డ రాసింది. బడికి పోయింది నాలుగు దినాలే.”

“ఏం రాసింది అత్తమ్మా?”

“నాకేమెరుక? మనింట్ల సదువొచ్చినోళ్లెవలు? ఎవలన్న వస్తె అడుగుదామనుకుంటి.”

ఆ తర్వాత ఏ గోడకూ చేయి ఆనించలేదు.

యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటికి అత్త లేదు. మొదటి రోజు పలక మీద ‘అమ్మ’ అని దిద్దించారు. రెండే అక్షరాలు. నేను చెరిపినవీ రెండే.