వెలుతురు హాల్లో దొర

ఫిల్మ్ కంపెనీలో అతన్ని అందరూ దొర అనేవారు. ఆ దొరతనం ఏ జమీందారీ నుంచో రాలేదు, చీకటి నుంచి వచ్చింది. కెమెరాల్లో వేసే ఫిల్మును కోసి, చుట్టి, డబ్బాల్లో పెట్టే హాలులో అతని పని. పిసరంత వెలుతురు పడినా ఫిల్మంతా నాశనం కాబట్టి అక్కడ ఎప్పుడూ కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. చూపున్నవాళ్ళు తలుపు దాటగానే గోడలు తడుముకునేవారు. దొరకు పుట్టుకతోనే చూపు లేదు. అతనికి అది మామూలు హాలే. జాలిపడి ఇచ్చిన ఉద్యోగం కాదది, అవసరం కొద్దీ పిలిచి మరీ ఇచ్చింది. ఈ ముక్క అతను ఎంతమందితో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో! చెప్పుకోడూ మరి? బయట అతని మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించే మహానుభావులే, లోపలికొచ్చాక అతని భుజం పట్టుకుని నడిచేవారు.

ఆ హాల్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు కదిలినా నోటితో చెబుతూ కదలాలి. నడిచేవాళ్ళు "వస్తున్నా" అనాలి, దారిలో ఉన్నవాళ్ళు "ఉన్నా" అనాలి. అనకపోతే బుర్రలు పగులుతాయి, పైగా తిట్లు. "నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?" అని నలుమూలల నుంచీ విరుచుకుపడేవారు. కొత్తగా చేరినవాడు తడబడుతుంటే, "ఏం నాయనా, గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఎటు పోతున్నావు?" అని దొరే అడిగేవాడు. హాలంతా ఘొల్లుమనేది.

అతని భార్య అక్కడే దొరికింది. చేరిన మొదటి రోజే ఎదురుగా వచ్చి అతన్ని గుద్దేసి, డబ్బాలన్నీ పారబోసింది. పైగా తనే గయ్యిమంది.

"కళ్ళు కనబడవా?"

"కనబడవు," అన్నాడు దొర.

"ఆ, నాకు మాత్రం కనబడి చస్తున్నాయా!" అంది.

అతను నిజమే చెప్పాడని ఆమెకు చాలా రోజుల తర్వాత క్యాంటీన్‌లో తెలిసింది. అప్పటికే ఆ గొంతుకు మనసిచ్చేసింది. ఇంకేం చేస్తుంది పాపం!

ఇంతలో ఫిల్ము అక్కర్లేని కెమెరాలు వచ్చాయి. కంపెనీ పెద్దాయన నవ్వేశాడు. "మబ్బుల్లో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకుంటామా?" అన్నాడు. ఆ తర్వాత కెమెరా ఫోన్లోకి దూరింది. పెద్దాయన నవ్వు ఆగింది. ఇలాగే నవ్విన ఇంకో కంపెనీ చేతులు కాలాక ఆకులు పట్టుకుని, చివరికి గేటుకు తాళం వేసుకుంది. ఆ భయంతోనే పెద్దాయన తప్పుకుని పెత్తనం అల్లుడి చేతిలో పెట్టాడు. అల్లుడు బుర్రున్నవాడు. పల్చటి ప్లాస్టిక్ రేకు మీద సమానంగా పూత పూయడం మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు, ఆ పూతేదో ఫోన్ల అద్దాల్లో వాడే రేకులకు పూద్దాం అన్నాడు. పూశాడు. అమ్మాడు. కంపెనీ నిలబడింది, ఒక్కరి ఉద్యోగమూ పోలేదు. మునిగే పడవను ఒడ్డుకు చేర్చాడని అందరూ మెచ్చుకున్నారు, దొర కూడా మెచ్చుకున్నాడు. అదే అసలు దరిద్రం. కడుపుమండి తిట్టుకుందామంటే తిట్టదగ్గ మనిషి కూడా లేడు.

చీకటి హాలు గోడలు కొట్టి కిటికీలు పెట్టారు, పైన వరసగా దీపాలు వేశారు. కొత్త పనేమిటంటే, రేకును వెలుతురుకు ఎత్తిపట్టి నలుసులు వెతకడం. చేత్తో తాకకూడదు, తాకితే వేలిముద్ర పడుతుంది. కంటితోనే చూడాలి. అందుకు వేసిన బల్లల్లో ఒకదాని దగ్గర దొర భార్యను పెట్టారు.

అల్లుడు దొరను, భార్యను తన గదికి పిలిచాడు.

"గేటు పక్కన నీడలో కుర్చీ వేయిస్తాను. జీతం ఎప్పట్లాగే వస్తుంది. మీరు మా ఇంటి మనిషి."

"కూర్చోబెట్టి మేపడానికి నేను ముసలి ఎద్దునా బాబూ?" అన్నాడు దొర. "ఏదో ఒక పని చెప్పండి."

"బండి తోస్తాడండీ," అంది భార్య. రేకుల చుట్టలను ఈ చివరి మిషను నుంచి ఆ చివరి బల్లలకు చేరవేసే చక్రాల బండి అది. "దారి నేను నేర్పిస్తాను. ఒక్క రోజు చూడండి. కుదరకపోతే అప్పుడు మీ ఇష్టం."

అల్లుడు ఒక్క రోజుకు సరేనన్నాడు.

సెలవు రోజున ఇద్దరూ ఖాళీ హాలుకు వెళ్ళారు. ఎక్కడ చల్లగాలి మీద పడుతుందో, ఎక్కడ కాలికింద గచ్చు మారుతుందో, ఎక్కడ మలుపు తిరగాలో అతను వంటబట్టించుకున్నాడు. సాయంత్రానికి ఆమె పక్కన లేకుండానే బండి తోసుకుంటూ వెళ్ళి వచ్చాడు. "ఇంకేం, రేపట్నుంచి మళ్ళీ నీ రాజ్యమే!" అని ఆమె చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి ఇద్దరూ చాలాకాలం తర్వాత కడుపునిండా తిన్నారు.

మర్నాడు బండి పిడి పట్టుకుని దొర బయల్దేరాడు. "వస్తున్నా," అన్నాడు.

ఎవరూ పలకలేదు.

మిషన్ల రొద తప్ప ఏమీ లేదు. "వస్తున్నా," అని ఇంకాస్త గట్టిగా అన్నాడు. చప్పుడు లేదు. అందరూ టీకి వెళ్ళినట్టున్నారు అనుకున్నాడు. దారి ఖాళీ కదా అని అడుగు జోరు పెంచాడు. నిజానికి హాలు నిండా జనమే. కళ్ళున్నవాళ్ళకు వెలుతురులో నోటితో పనేముంది? అతన్ని చూసి చల్లగా పక్కకు జరుగుతున్నారు, కుర్చీలు లోపలికి లాక్కుంటున్నారు. మలుపు దగ్గర ఎవరో తయారైన రేకుల బండిని దారికి అడ్డంగా వదిలారు. "ఆగు! ఆగు!" అని రెండు మూడు గొంతులు ఒక్కసారే లేచాయి. అప్పటికే బండి బండికి గుద్దుకుంది. రేకులు జలజలా రాలాయి. దొర వాటి మీద బోర్లా పడ్డాడు.

ఊపిరి తిరిగేలోపే ఒక చెయ్యి వచ్చి అతని రెట్ట పట్టుకుంది. ఆ చెయ్యి ఎవరిదో అతనికి వేరే చెప్పాలా?

"నువ్వెక్కడి నుంచి వచ్చావు?" అన్నాడు.

"ఇక్కడే ఉన్నాను."

"ఇక్కడంటే?"

"ఈ బల్ల దగ్గరే."

"నేను పిలుస్తుంటే ఇక్కడే ఉన్నావా?"

ఆమె అతన్ని లేవదీసింది. చుట్టూ అందరూ "పర్వాలేదు, పర్వాలేదు" అంటున్నారు. పాత హాల్లో ఇంత నష్టం చేసి ఉంటే అతని ఏడు తరాలనూ దించి తిట్టేవారు. ఇప్పుడు ఒక్క తిట్టు లేదు. ఆ మర్యాదకు అతని ప్రాణం చచ్చిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ముట్టుకోలేదు.

"ఎందుకు పలకలేదు?" అన్నాడు దొర.

"మర్చిపోయాను. కాదు, అబద్ధం," అంది.

"మరి?"

"వీధిలో నీ చెయ్యి పట్టుకుని నడిపించినా, దొరగారిని ఊరేగిస్తున్నానని నాలో నేను నవ్వుకునేదాన్ని. నువ్వు గుడ్డివాడివని నాకెప్పుడూ అనిపించలేదు, ఒట్టు. ఇవాళ ఆ దీపాల కింద చూశాను. మెడ చాచి, మొహం ఓ పక్కకు తిప్పి, ఎవరూ లేరనుకుని పిలుస్తూ వస్తున్నావు. అందరూ తప్పుకున్నారు. నేనూ తప్పుకున్నాను. పాపం గుడ్డాయన, దారివ్వాలి అనుకున్నాను. నా మొగుడివన్న సంగతే ఆ క్షణాన గుర్తు లేదు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. దొరకు కోపం వస్తే బాగుండునని ఉంది. రాలేదు. ఇంకెవరు ఆ మాట అన్నా తట్టుకునేవాడు.

"గేటు దగ్గర కుర్చీ వేయించమని రేపు చెప్పు," అన్నాడు చివరికి.

"వద్దు. ఇంకొక్కసారి అడుగుదాం."

"నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. దొర అన్నానికి చెయ్యి చాపాడు. ఎన్నేళ్ళుగానో తింటున్న కంచం, ఎక్కడుంటుందో అతనికి తెలుసు. అతని చెయ్యి అందుకునేలోపే ఆమె గబుక్కున కంచం ముందుకు జరిపి, అతని వేళ్ళు పట్టుకుని అంచు మీద పెట్టింది. పెళ్ళైన నాటి నుంచి ఆమె ఎన్నడూ అలా చేయలేదు.